జరిగిన వేలు

ఆత్మకూరు ఆసుపత్రిలో కంటికట్టు విప్పగానే, ఉదయగిరిలో మాకు సైన్సు చెప్పిన మేడం చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టారు. ఆ కంటికి చూపు రాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పి ఉండటంతో, తోడు వెళ్లిన నేను ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాను.

మేడం ఒక కన్ను మూసి వేలిని చూశారు. తర్వాత రెండోది మూసి చూశారు.

“ఏం చేస్తున్నారమ్మా?” అన్నాడు డాక్టరు.

క్లాసులో ఆమె రోజూ చేయించిందే అది. రెండు కళ్లకూ చూపుంటే, కన్ను మార్చినప్పుడు వేలు పక్కకు జరిగినట్టు కనబడుతుంది. భూమి సూర్యుడికి ఆవలి వైపు చేరాక చూస్తే దగ్గరి నక్షత్రం కూడా అలాగే రవ్వంత జరుగుతుందనీ, ఆ తేడాతోనే దాని దూరం లెక్కకడతారనీ చెప్పేవారు.

“జరిగింది పాపా! కిటికీలో ఈ ఊచ కాడి నుంచి ఆ ఊచ కాడికి జరిగింది!”

నాకు ఏడుపు ఆగలేదు.

“ఏడవబాక. పోయి నాలుగు ఇడ్లీలు తీసకరా. భయానికి నిన్నటి నుంచి ముద్ద దిగలా,” అన్నారు మేడం.