కౌంటర్ కింది కాళ్లు

కోళికోడ్‌లో మేం పనిచేసే చీరల కొట్టులో అద్దాల వెనకున్న బొమ్మకు కుర్చీ ఉండేది, మాకు ఉండేది కాదు. షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా నిలబడే ఉండాలి. గోడకు ఆనుకున్నా జీతంలో కోత.

ప్రేమజది నా పక్క కౌంటరు. మాకందరికీ ఆమె చేచ్చీ, అంటే అక్క. వాళ్ల నాన్న సినిమా బ్యానర్లు వేసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక ఈమె కొట్టులో చేరింది. కుంచె మాత్రం వదల్లేదు. సెలవు రోజుల్లో వంటింటి గోడకు కాన్వాసు ఆనించి, కొట్టులో చూసిందే ఉన్నదున్నట్టు వేసేది. అలా ఏళ్ల తరబడి వేసినవన్నీ మానాంచిర చెరువు దగ్గరి గ్యాలరీలో ప్రదర్శనకు పెట్టింది. ఓణం రద్దీ తగ్గాక వచ్చిన ఆదివారం మేమంతా వెళ్లాం.

ఒక పటంలో ఆఫరు చీర చెరో కొసా పట్టుకుని లాగుతున్న ఇద్దరాడవాళ్లు. ఇంకోదాంట్లో వాయిదాల మీద కొన్న పెద్ద టీవీ ముందు గంజి తాగుతున్న కుటుంబం. మరోదాంట్లో హ్యాండ్‌బ్యాగులో మూత తియ్యని నీళ్లసీసా. కొట్టులో మాకు మరుగుదొడ్డి లేదు, అందుకే నీళ్లు తాగేవాళ్లం కాదు.

చివరి గోడకు పెద్ద పటం. పట్టుచీర కట్టిన బొమ్మ కుర్చీలో దర్జాగా కూర్చుంది. వెనక కౌంటరు కింద వరసగా మా కాళ్లు: ఉబ్బిన నరాలు, పగిలిన మడమలు.

"అయ్యో, ఇది నా బొటనవేలే!" అని పుష్పలత అరిచింది. "ఆ గోరు కాస్త కత్తిరించి వెయ్యకూడదూ, చేచ్చీ?"

"ముందు నువ్వు కత్తిరించుకోవే, తర్వాత నేను కత్తిరిస్తా" అంది ప్రేమజ.

మేం నవ్వుతుండగానే మేనేజరు సదానందన్ వచ్చాడు. పేపర్లో ఆ పటం ఫొటో చూశాడట.

"ఆ కుర్చీ మన కొట్టుదే కదూ?"

"అవును సార్."

"ఈ పటం నేను కొంటా. ఇప్పుడే దించెయ్."

"అది అమ్మకానికి కాదు సార్."

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"తిన్నది నిలబడి కదా సార్, లెక్కపెట్టే తీరికెక్కడిది?"

"అయితే రేపట్నుంచి రానక్కర్లేదు."

ప్రేమజ పటానికి అడ్డంగా వచ్చి నిలబడింది. ఆ జీతంతోనే వాళ్లిల్లు గడుస్తోందని మాకు తెలుసు. "రాను సార్. పటం మాత్రం ఇక్కడే ఉంటుంది" అంది.

మర్నాడు కొట్టు తెరవగానే పుష్పలత కౌంటరు పక్కన నేలమీద చతికిలబడింది. తర్వాత నేను, ఆపైన అందరం.

"లేవండి!" అని సదానందన్ కేకలేశాడు.

"మేం లేస్తాం గానీ, కాళ్లే వద్దంటున్నాయి సార్" అంది పుష్పలత.

అందర్నీ బయటికి గెంటారు. రోజూ కొట్టు ముందు వానలో గొడుగులేసుకుని కూర్చున్నాం. ప్రదర్శన ముగిశాక ప్రేమజ ఆ పటానికి ప్లాస్టిక్ కవరు చుట్టి తెచ్చి మా మధ్య నిలబెట్టింది. కొనడానికొచ్చిన ఆడవాళ్లు దాన్ని చూసి గుమ్మంలోంచే వెనక్కి మళ్లారు. చివరికి యజమాని దిగొచ్చాడు. స్టూళ్లు వేయిస్తాను, మరుగుదొడ్డి కట్టిస్తాను, ప్రేమజను మాత్రం తీసుకోను అన్నాడు.

ఆమె లేకుండా లోపలికి వెళ్లం అన్నాం. ప్రేమజ మండిపడింది. "నాకోసం ఆగితే ఆయన మనసు మార్చుకుంటాడు. పొండే, వెళ్లి కూర్చోండి! రంలా, నువ్వు ముందు నడు." ఏడుస్తూనే నడిచాను.

ఇప్పుడు ఆమె బేపూరు రేవులో పడవలకు రంగులేసి పేర్లు రాస్తోంది. సెలవు రోజుల్లో చెత్తకుప్పల్లో ప్లాస్టిక్ ఏరే ఆడవాళ్ల పటాలు వేస్తోంది. గ్యాలరీ దొరక్కపోతే వాటిని చేపల బజారులో పెడతానంటోంది. పెడుతుంది కూడా.