సీలు ఊడని పెట్టె

“అన్నా, దాని సీలు ఊడదియ్యొద్దు. వచ్చే వారం ఎఫ్‌సీ ఉండాది నాకు.”

ఈ మాట అన్నవాడు ఆటో డ్రైవరు. అప్పటికి అతని ఆటో ఒక చక్రాన్ని రోడ్డు పక్క గుంతలోకి దించి వాలిపోయి ఉంది. మా నాయన దాని పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఆయన మోకాలి కింద నుంచి కారిన రక్తం చెప్పులోకి దిగుతోంది. నేను డ్రైవరు సీటు వెనక బిగించిన తెల్ల ప్లాస్టిక్ పెట్టె మీద చెయ్యి వేశాను. మూత మీద ఎర్ర ప్లస్సు గుర్తు, చుట్టూ చిరగని కవరు. ఆ కవరు చిరుగుతుందని అతని బాధ.

“మా నాయన కాలు చిరిగిందయ్యా!” అన్నాను.

“కాలుకు ఆస్పత్రి ఉండాదన్నా. దీనికి యాడ ఉండాది?”

ఎఫ్‌సీ అంటే తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. బండిని తీసుకుపోయి బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చూపించి, ఇది రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని కాగితం తెచ్చుకోవాలి. చూపించే వాటిలో ఫస్టెయిడ్ పెట్టె కూడా ఒకటి. ఉంటే చాలు. తెరిచి వాడినట్టు కనబడితే మళ్లీ కొత్తది కొనాల్సి వస్తుందని డ్రైవర్ల భయం. అందుకని దాన్ని పెళ్లికూతురి పట్టుచీర కంటే జాగ్రత్తగా చూసుకుంటారు.

మేము బేస్తవారిపేటలో చుట్టాల గృహప్రవేశానికి పోయి మార్కాపురం తిరిగొస్తున్నాం. మేకల మంద అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు, ఆటో పక్కకు జారింది, దిగే చోట ఉండే ఇనప రాడ్డు నాయన కాలిని కోసేసింది. ఇంకెవరికైనా అయితే తుడిచి కట్టు కడితే సరిపోయే దెబ్బ. కానీ నాయన గుండెలో స్టెంటు ఉంది. అది వేసినప్పటి నుంచి రక్తం పలచబడే మాత్రలు మింగుతున్నాడు. ఎక్కడైనా తెగితే ఒక పట్టాన ఆగదు, జాగ్రత్త అని డాక్టరు ముందే చెప్పాడు. నాయన అక్కడికక్కడే, “తెగకుండా సూసుకునే పని మాదైనప్పుడు మాత్రల రేట్లో ఏమన్నా తగ్గిస్తారా?” అని అడిగాడు.

అలాంటి ఇల్లు మాది. మార్కాపురంలో స్టీలు, ప్లాస్టిక్ సామాన్ల కొట్టు. నేను గల్లాపెట్టె కింద పాకి పెరిగినవాణ్ణి. నా పెళ్లిచూపుల్లో మిఠాయి తింటూ, ఇది కిలో ఎంతకు తెచ్చారని అడిగి మా అమ్మ చేత తొడపాశం పెట్టించుకున్నవాణ్ణి. బేరమాడకుండా నేను కొన్నది ఈ జన్మలో బస్సు టికెట్టు ఒక్కటే. అదీ కండక్టరు బస్సు దించేస్తానన్నాడు కాబట్టి.

అలాంటివాణ్ణి ఆ రోజు బేరం లేకుండా ఆ కవరు చించేశాను.

పెట్టెలో ఏముందో చెబుతాను, వినండి. బొటనవేలంత దూది. ముట్టుకుంటే విరిగే ప్లాస్టరు. అడుగున మరక తప్ప ఏమీ మిగలని మందు సీసా. తుప్పు పట్టిన పిన్నీసు. దోమతెర కంటే పలచటి గుడ్డ చుట్ట. దాన్ని గాయం మీద పెడితే రక్తం ఇటు నుంచి అటు హాయిగా నడిచిపోయింది. సీలు మాత్రం భేషుగ్గా ఉండింది.

ఈలోగా జనం పోగయ్యారు. ఒకాయన కాఫీ పొడి వెయ్యమన్నాడు. ఒకామె సున్నం తెస్తానని బయల్దేరింది. ఇంకొకాయన, “ముందు పెద్దాయనకు సోడా తాపండి, కళ్లు తేలేస్తుండాడు” అన్నాడు. నాయన కళ్లు తేలెయ్యలేదు. తన సంచి వైపు చూస్తున్నాడు. చుట్టాలు పెట్టిన కొత్త తువ్వాలు అందులో ఉంది. నేనూ అదే చూశాను. తీసి మడతలు పెట్టి గాయం మీద రెండు చేతులతో అదిమాను.

“ఒరే, ఇంకా మడత ఇప్పని కొత్త గుడ్డరా అది! నా పాత పంచె చింపొచ్చు గదరా!”

“నీ పంచె చింపితే ఈడ జనం ఎక్కువైతారు నాయనా. కదలకు.”

చెయ్యి తియ్యకుండా అట్లే అదిమి పట్టుకున్నాను. వెనక వచ్చిన కారాయన పుణ్యాన మార్కాపురం ఆస్పత్రికి చేరాం. కుట్లు వేస్తూ డాక్టరు అన్నాడు: “ఒక్క మంచి పని చేశారు, గట్టిగా అదిమి పట్టుకున్నారు. లేకుంటే ఈ మాత్రలకు చాలా రక్తం పోయి ఉండేది.” ఇంకోసారి తెగితే ఏం చెయ్యాలో కూడా చెప్పాడు. శుభ్రమైన గుడ్డ మందంగా పెట్టి అదమాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకూడదు. తడిస్తే దాని మీదే ఇంకోటి పెట్టి అదుముతూనే ఉండాలి. పొడులు, సున్నాలు వద్దు. తాడు తెచ్చి బిగించొద్దు. అదుముతూనే ఆస్పత్రికి తీసుకురావాలి.

ఇంత చిన్న పనికి కావలసిన గుడ్డ ముక్క ఆ పెట్టెలో లేదు. మరునాడు ఆ డ్రైవరు కొట్టుకు వచ్చాడు. పెద్దాయన ఎలా ఉన్నాడని అడిగాడు, అబద్ధం చెప్పకూడదు. అడిగాక, “కవరు సింపినావు గదన్నా, పెట్టె మాటేంది?” అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంత మంటలోనూ, సిగ్గు లేకుండా, సగానికి బేరమాడి ఇచ్చాను.

ఆ సాయంత్రమే మందుల షాపుకు పోయాను. షాపు భాయ్ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మంచి ఫస్టెయిడ్ పెట్టె ఒకటి కావాలన్నాను.

“సూపించేదానికా భాయ్, వాడేదానికా?”

నేను అర్థం కానట్టు చూస్తే రెండు పెట్టెలు తీసి గల్లా మీద పెట్టాడు. పైకి రెండూ అక్కచెల్లెళ్లలాగే ఉన్నాయి. “ఇది ఎఫ్‌సీది. ఇది ఇంటిది. ఎఫ్‌సీదే ఎక్కువ పోతాది.”

“నువ్వెట్ల అమ్ముతుండావయ్యా ఇట్లాంటిది?”

“అడిగేటోళ్లుండారు, అమ్ముతుండా. నువ్వు అడుగు పలచబడిన స్టీలు బిందె అమ్మవా?”

అమ్ముతాం. కానీ బిందె కారితే నీళ్లే కదా పోయేది అని దారంతా గొణుక్కున్నాను.

రెండు పెట్టెలూ వద్దన్నాను. డాక్టరు చెప్పిన పనికి కావలసినవి విడివిడిగా తీసుకున్నాను. గాయం మీద పెట్టడానికి ఒక్కొక్కటీ వేరుగా ప్యాక్ చేసిన, గాజు గుడ్డలనే మందపాటి మెత్తటి గుడ్డలు, సాగే క్రేపు బ్యాండేజీలు, చేతి తొడుగులు, మొన లేని కత్తెర, అంటుకునే టేపు. అలవాటు కొద్దీ, “కొసరేంది?” అన్నాను. షాపు భాయ్ ఒక ఆయింట్‌మెంటు ట్యూబు అందులో పడేశాడు. తిప్పి చూస్తే దాని గడువు తీరిపోతోంది. కొసరుగా వచ్చేది ఎప్పుడూ అమ్ముడుపోని సరుకే. మా కొట్లో మేము చేసేదీ అదే, మూత సరిపోని డబ్బాలన్నీ మేము కొసరుగానే వదిలించుకుంటాం. ట్యూబు తిరిగిచ్చేశాను. కొసరు వద్దన్న నన్ను షాపు భాయ్ ఎగాదిగా చూసి, “ఆరోగ్యం బాగుండాదా భాయ్?” అన్నాడు.

మా కొట్లోవే పారదర్శకంగా ఉండే డబ్బాలు తెచ్చి రెండు పెట్టెలు చేశాను. ఇంటికొకటి, కొట్టుకొకటి. పైన ఎర్ర ప్లస్సు అతికించాను. నాయన మాత్రల ఖాళీ అట్ట కూడా ఒక్కొక్క దాంట్లో పెట్టాను. ఆయనకు మాట రాని స్థితి వచ్చినా, ఏ మందు మింగుతున్నాడో చూసేవాళ్లకు తెలియాలి.

ఇంట్లో మొదటి అడ్డంకి నాయనే. ఆయనకు ఆపద అంటే దొంగలు. పెళ్లిళ్ల కాలంలో తాళం వేసిన ఇళ్లు దోచుకుంటున్నారని విన్నప్పటి నుంచి మంచం కింద ఆయన సరంజామా ఆయనకుంది. చేతికర్ర, గాజు సీసాలో కారం, బస్టాండులో కొన్న ఈల, గని నుంచి ఎవరో ఇచ్చిన పలకరాయి బండ.

“దొంగ వస్తే నీ దూది సూపించి బెదిరిస్తావా?” అన్నాడు.

“నీకు తెగితే నీ కారం ఏసి ఆపుతావా?”

మా ఆవిడ వంటింట్లోంచే అంది: “రెండూ ఒకే పెట్టెలో పెట్టండి. పుండు మీద కారం సల్లేదానికి వెతుక్కునే పనుండదు.”

అన్నది కాక, వారం తిరిగేసరికి ఇంటి పెట్టెలో కత్తెర పాల ప్యాకెట్ల దగ్గరికి పోయింది. టేపు టీవీ రిమోటుకు చుట్టుకుంది. చేతి తొడుగులు పచ్చిమిరపకాయలు తరిగే పనిలో చేరాయి. నేను గట్టిగా అరిచాను. “ఇంట్లో మనిషికి రక్తం ఆగదు, మీకు మిరపకాయలు ముఖ్యమా?” అంటే, “మిరపకాయలకు తొడుక్కున్నా గదా, నీ పెట్టె పనికొచ్చింది” అంది మా ఆవిడ. అన్నీ వెనక్కి తెచ్చి పెట్టించాను. అయినా ఇంటి కంటే కొట్టు గురించే నా భయం. స్టీలు సామాన్ల అంచులు బ్లేడుల్లా ఉంటాయి. నాయన ఇంట్లో కూర్చోమంటే కూర్చోడు. కట్టలు నేను విప్పుతానంటే వినడు. అందుకే కొట్లో పెట్టెను గల్లాకు చెయ్యి చాచినంత దూరంలో మేకుకు తగిలించాను.

ఒకరోజు సరుకు కోసం గిద్దలూరు పోయి తిరిగొచ్చేసరికి మేకు ఖాళీగా ఉంది.

“నాయనా, పెట్టె ఏది?”

“అమ్మినా.”

“ఏంది?”

“అమ్మినా అంటుండా గదరా. పుల్లలచెరువు దిక్కు జీపు తోలేటాయన బక్కెట్టు కొనేదానికి వచ్చినాడు. అది సూసి అడిగినాడు. మంచి రేటు చెప్పినా, తగ్గకుండా ఇచ్చినాడు.”

“అది నీ కోసం పెట్టింది నాయనా!”

“మన కొట్లో మేకుకు తగిలించింది అమ్మేదానికి కాకుంటే దేనికిరా? నువ్వే గదా డబ్బా మన సరుకులోంచి తీసింది.”

“జీపాయనకు దేనికంట?”

“ఎఫ్‌సీకంట. కవరు తొడిగి సీలు ఏపిచ్చుకుంటాడంట.”

అది విన్నాక నేను ఏం అరిచానో రాయను. పక్క కొట్ల వాళ్లు బయటికి వచ్చారని మాత్రం చెప్పగలను. నేను ఏరి ఏరి తెచ్చిన గాజు గుడ్డలు ఇక ఆ జీపులో కవరు కింద ముసలివైపోతాయి. ఎవరి కాలు తెగినా అవి బయటికి రావు. ఇక్కడ నాయనకు తెగితే మేకు తప్ప ఏమీ లేదు. “నీకు తెగితే ఏం సేస్తావు?” అని అడిగితే, నాయన కళ్లు మెరుస్తుండగా, “ఇంకోటి సేద్దాం రా. ఇంకో పది సేద్దాం. గిరాకీ ఉండాది” అన్నాడు. నిజం చెప్పాలంటే నా బుర్ర కూడా ఒక్క క్షణం పెట్టెకు ఎంత మిగులుతుందో లెక్క వేసింది. ఆ తర్వాత నా మీద నాకే ఒళ్లు మండింది.

మళ్లీ మందుల షాపుకు పోయి అన్నీ తెచ్చాను. ఈసారి కొత్త డబ్బా తీసి నాయన ముందే మూత విరిచేశాను. మేకు తీసుకుని నాలుగు వైపులా గీతలు గీశాను. రెండు మరలతో గోడకు బిగించేశాను. లోపలి గుడ్డలు దేని ప్యాకెట్లో అది భద్రంగానే ఉంటాయి, దుమ్ము పడకుండా పైన ఒక బట్ట కప్పితే సరి. నాయన మాత్రం నేను పసిపిల్లను కొడుతున్నట్టు చూశాడు.

“బంగారం లాంటి డబ్బారా! ఇప్పుడెవరు కొంటారు దాన్ని?”

“ఎవరూ కొనగూడదనే నాయనా.”

ఆయన చాలాసేపు ఆ డబ్బా వైపు చూడలేదు. పాడైన సరుకు ఎదురుగా ఉంటే కొట్టు మనిషికి అన్నం దిగదు. కానీ డబ్బా మాత్రం కదల్లేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున నేను ఎదురుగా టీ తాగుతున్నాను. కొట్లో ఏదో స్టీలు పళ్లెం కింద పడ్డ చప్పుడైంది. పరుగెత్తాను. పళ్లేల కట్ట సగం విప్పి ఉంది. నాయన స్టూలు మీద కూర్చుని, ఎడమ అరచేతి మీద గాజు గుడ్డ పెట్టి కుడిచేత్తో అదుముకుంటున్నాడు. తడిసినదాన్ని తియ్యలేదు, దాని మీదే ఇంకోటి పెట్టుకున్నాడు. బేసిన్ కొనడానికి వచ్చి ఎదురుగా నిలబడ్డ ఆమె హడలిపోయి ఉంది. నాయన ఆమెతో, “ఆ బేసిన్ అంతకు రాదు తల్లీ, నీ ఇష్టం” అంటున్నాడు.

క్రేపు బ్యాండేజీ చుట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకోమని, దారిన పోయే ఆటో ఎక్కించాను. ఆస్పత్రి దూరమేమీ కాదు. నాయన గుడ్డ అదుముకుంటూనే డ్రైవరు సీటు వెనక చూశాడు. తెల్ల పెట్టె. ఎర్ర ప్లస్సు. తళతళలాడే కవరు.

“అబ్బాయ్, ఆ పెట్టెలో ఏముండాది?” అన్నాడు.

“ఏమో పెద్దాయనా, తెరిసి సూళ్లేదు. సీలుండాది.”

“ఊడదీసి సూసుకో. ఏమీ ఉండదు అందులో. మా వోడు చీటీ రాసిస్తాడు, ఏమేం పెట్టాలో. రేపు ఎవరన్నా నీ బండిలో సస్తే ఆ సీలు తీస్కోని ఏం సేసుకుంటావు? నెత్తిన పెట్టుకుంటావా?” నాయన గొంతు పెరిగింది. ఇన్నాళ్లూ నేను అరిచిన అరుపులన్నీ ఆయన నోట్లోంచి వస్తున్నాయి.

“ఎఫ్‌సీ ఉండాది పెద్దాయనా...”

“నీ ఎఫ్‌సీ సల్లగుండ! బాడుగ ఎంత?”

డ్రైవరు చెప్పాడు.

“అడిగినంతా ఇస్తా, పైసా తగ్గియ్యను. ఇప్పుడే నా ముందర సీలు ఊడదియ్యి. తియ్యనంటే సగమే.”

నాయన అడిగినంత ఇస్తాననడం నా జీవితంలో నేను వినడం అదే మొదలు. ఆటో ఆస్పత్రి ముందు ఆగింది. డ్రైవరు పెట్టె వైపు చూశాడు, నాయన చేతి వైపు చూశాడు, మళ్లీ పెట్టె వైపు చూశాడు. కవరు మీద దుమ్మును మోచేత్తో తుడిచాడు.

“సగమే ఇయ్యి పెద్దాయనా” అన్నాడు.