చెరో బస్సుకి కర్చీఫ్

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండేవాళ్లెవరూ ఆస్టిన్‌కి రైల్లో వెళ్లరు. కార్లో మూడున్నర గంటలు. రైలుకి ఆరేడు గంటలు, అదీ దానికి బుద్ధి పుడితే. అయినా రైలే అని పట్టుబట్టాను. కారెక్కితే మా ఆయన రఘు నేనేం అడిగినా "ఉండు, ఎగ్జిట్ మిస్సవుతుంది" అంటాడు. నాకు జవాబు కావాలి. లైప్‌జిగ్‌లో ఉద్యోగానికి రెండు వారాలు సెలవు పెట్టి వచ్చింది అందుకే. అతను జర్మనీ వస్తాడా, రాడా?

డాలస్‌లో పన్నెండుకి ముందే బయల్దేరాల్సిన రైలు పన్నెండున్నరకి కదిలింది. మీరెప్పుడైనా ఎక్కితే తిండి కట్టుకుని ఎక్కండి. లోపల దొరికేది చల్లటి శాండ్‌విచ్చే. మేం పులిహోర తెచ్చుకున్నాం. ఫోర్ట్‌వర్త్‌లో రైలు చాలాసేపు ఆగింది. నేను మాత్రం ఆగలేదు.

"జర్మనీలో ఐదేళ్లు నిండటానికి ఇంకా కొన్ని నెలలే, నిండితే పౌరసత్వానికి పెట్టుకోవచ్చు. బీ-వన్ జర్మన్ భాష పరీక్ష పాసయ్యాను, సిటిజన్‌షిప్ టెస్ట్ రాసేశాను, నా జీతం మీద నేను బతుకుతున్నాను. ఇప్పుడు వచ్చి ఇక్కడ కూర్చుంటే ఆరు నెలలకి అక్కడి పర్మిట్ పోతుంది. మళ్లీ మొదటికొస్తాను."

"మరి నా గ్రీన్‌కార్డ్? ఇన్నేళ్లు వెయిట్ చేసి ఇప్పుడు జాబ్ వదిలేయమంటావా?"

"అది ఎప్పుడొస్తుంది?"

"ఎవడికి తెలుసు."

ఒళ్లు మండింది. కాఫీ కోసమని అతన్నీ లేపుకుని క్యాంటీన్ బోగీకి వెళ్లాను. పోతూ పోతూ సీటు మీద కర్చీఫ్ పడేశాను. తిరిగొచ్చేసరికి పక్క వరసలో తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు దాన్ని చూసి నవ్వుతున్నారు.

"ఆర్టీసీ బస్సనుకున్నావా తల్లీ? చూడగానే మనవాళ్లేనని తెలిసిపోయింది."

ఆవిడ రిటైరైన డాక్టరు, ఆస్టిన్‌లో కూతురి దగ్గరికి వెళ్తున్నారు. పులిహోర పెట్టాను. మా రామాయణమంతా చెప్పేశాను.

"ఇద్దరం చెరో బస్సుకి కర్చీఫ్ వేశాం ఆంటీ. దిగితే సీటు పోతుందని ఇద్దరికీ భయం."

"ఏది ముందు కదుల్తుంది?"

రఘు కిటికీ వైపు తిరిగి "తనదే" అన్నాడు.

"మరింకేం? పులిహోరలో ఇంగువ కాస్త తక్కువైందమ్మా."

ఆవిడ కునుకు తీశాక నేను మళ్లీ మొదలుపెట్టాను. నాకు పౌరసత్వం వచ్చాక, నా భర్తగా అతను అక్కడ మూడేళ్లుంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

"భాష రావాలిగా," అన్నాడు.

"నాకేమన్నా పుట్టుకతో వచ్చిందా?"

ఇండియన్ పాస్‌పోర్ట్ మాట కూడా అతనే ఎత్తాడు. పాతది వదులుకోమని జర్మనీ ఇప్పుడు అడగదు, రెండోది మనవాళ్లే ఒప్పుకోరు. ఆ నీలం పుస్తకం అప్పగించాలంటే నాకూ మనసొప్పదు. ఆ మాట దాచకుండా చెప్పాను.

ఏడు దాటాక ఆస్టిన్ చేరాం. మర్నాడు సాయంత్రం ఆస్టిన్ వచ్చే అందరిలాగే నది వంతెన మీద నిలబడి, కిందినుంచి గుంపులుగా లేచే గబ్బిలాలని చూశాం. చూడదగ్గదే, కాస్త ముందుగా వెళ్లండి. రఘు ఫోన్లో వీడియో తీస్తూ ఉండిపోయాడు. తిరుగు ప్రయాణం బస్సులో. అతను నిద్రపోయాడు, నాకు కునుకు పట్టలేదు.

సెలవు అయిపోయింది. డాలస్ ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ లైన్ దగ్గర రఘు జేబులోంచి తన కర్చీఫ్ తీసి నా చేతిలో పెట్టాడు.

"అక్కడ నాకో సీటుకి వేసుంచు."

"వస్తావా?"

"ముందు వేసుంచు."

తిట్టాలనిపించింది, ఏడుపూ వచ్చింది. ఆ కర్చీఫ్‌తోనే ముక్కు తుడుచుకున్నాను.

విమానంలో పక్క సీటు ఖాళీ. దాని మీద వేసి కూర్చున్నాను. మా ఊరి బస్టాండులో చిన్నప్పటినుంచీ చూశాను, కర్చీఫ్ వేసినవాడు కిటికీలోంచి దూరైనా సీటు దగ్గరికొస్తాడు. రాకపోతే ఎవరో ఒకరు దాన్ని పక్కకి నెట్టి కూర్చుంటారు. రఘుదీ మా ఊరే, ఆ సంగతి అతనికీ తెలుసు.