పిలిచేవాళ్ళు ఎక్కడున్నారో

పిన్ని చేసిన ఆఖరి పని ఒక అట్టముక్క మీద దారి రాయడం. దాన్ని కంప్యూటరు తెర కింద అంటించి, అంచులు బొటనవేలితో రెండుసార్లు నొక్కి, అక్క కూతురితో కలిసి బస్సెక్కింది. మర్నాడు నిద్రలేవలేదు.

ఆ అట్టముక్క అవసరం తెచ్చిపెట్టింది ఆ అక్క కూతురే. చెవి మిషన్ల క్లినిక్కులో ముందుబల్ల దగ్గర కూర్చునే ఆ అమ్మాయికి పిన్ని పెట్టిన పేరు వాగుడుకాయ. ఆ పొద్దున తెరంతా చిందరవందరగా ఉందని సర్దుతూ, పేషెంట్ల వివరాల ప్రోగ్రాం తెరిచే పాత షార్ట్‌కట్ తీసేసి కొత్తది పెట్టింది. నొక్కితే మామూలుగానే తెరుచుకుంది. పేషెంట్లు: సున్నా.

పదకొండు వందల మందిలో ఎవరి చెవికి ఏ శబ్దం ఎంత పెంచాలో అంతా ఒక్క ఫైల్లోనే ఉంది. బయట బెంచీ మీద ఒక తాతగారు కొత్త మిషను అరచేతిలో పెట్టుకుని, పాతదానిలాగే సరిచేయించుకోవడానికి కూర్చున్నారు. వాగుడుకాయ పరిగెత్తుకెళ్ళి, వెనకగదిలో మిషన్లు బాగుచేసే పిన్నిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

పిన్ని కీబోర్డు ముట్టుకోలేదు. తల ఒక పక్కకు వంచి కూర్చుంది.

"ఏడవకే. ఏం కదిపావో మొహం ఇటు తిప్పి చెప్పు."

చెప్పింది. అందరినీ తుడిచేశానని కూడా చెప్పింది.

"ఫైలు కనబడకపోతే ఈ ప్రోగ్రాం 'లేదు' అని చెప్పదు. అదే పేరుతో ఖాళీది పుట్టించి కూర్చుంటుంది. నువ్వు 'పిన్నీ' అంటే నేను పలుకుతాను. మీ అమ్మ 'పిన్నీ' అంటే?"

"చిన్నమ్మమ్మ."

"మాట ఒకటేగా. పిలిచేవాళ్ళు ఎక్కడున్నారో చూడాలి. ఇది 'నా పక్కనున్న ఫైలు' అని పిలుస్తోంది. నువ్వేమో దీన్ని వేరే గదిలో, అంటే వేరే ఫోల్డర్లో, నిలబెట్టావు."

వెతికితే ఒకే పేరుతో రెండు ఫైళ్ళు దొరికాయి. ఒకటి ఆ పొద్దున పుట్టింది, దాదాపు ఖాళీ. రెండోది పాత ఫోల్డర్లో చెక్కుచెదరకుండా ఉంది. పిన్ని ఖాళీదాని పేరు మార్చి పక్కన పెట్టింది. షార్ట్‌కట్‌లో డ్రైవు అక్షరం దగ్గర్నుంచి ఫైలు పేరు దాకా పూర్తి దారి రాసింది. ఈసారి ప్రోగ్రాం ఫైలు అసలు తెరవలేనంది. పిన్ని తెర మీదకు వంగి అక్షరం అక్షరం చదివి నవ్వింది. ఫోల్డరు పేరు మధ్యలో ఖాళీ ఉంది, దారి అక్కడ తెగిపోతోంది. మొత్తానికి అటూ ఇటూ కొటేషన్లు పెట్టింది.

పేర్లన్నీ వచ్చేశాయి. ఒక్కరూ ఎక్కడికీ పోలేదు, వెతికిన చోటే వేరు. వాగుడుకాయ కదలకుండా చూస్తూ నిలబడింది. కాసేపటికి తాతగారు మిషను పెట్టుకుని, గోడ గడియారం టిక్‌టిక్ వైపు తలెత్తి చూశారు.

"అలా తల వంచి కంప్యూటరు చెప్పేది కూడా వింటావా పిన్నీ?" అని సాయంత్రం బస్సులో ఏడిపించింది. పిన్ని నవ్వి ఊరుకుంది.

పిన్ని పోయిన పదిహేను రోజుల తర్వాత, పాత పేషెంట్ల జాబితాలో వాగుడుకాయకు పిన్ని పేరు కనబడింది. ఆరేళ్ళ నాటి పరీక్ష. ఎడమ చెవి: ఏమీ వినబడదు, మిషను పెట్టినా ఉపయోగం లేదు.

మూడేళ్ళుగా బస్సులో వాగుడుకాయ కూర్చుని కబుర్లు చెప్పింది ఆ ఎడమ పక్కనే.