రెండో రోజు వెళ్లని మోంజియా

మోంజియాకి ఉన్నది ఒకటే పిచ్చి. ట్యూనిస్‌లో ఎక్కడ పిలాటిస్ వ్యాయామం క్లాసు పెట్టారని విన్నా మొదటి రోజు వెళ్లి తీరుతుంది. రెండో రోజు మాత్రం చచ్చినా వెళ్లదు. అరవై రెండేళ్లకి నడుం సన్నబడాలన్న సరదా పుట్టిందని ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. కారులో తిప్పే కూతురు హాజర్‌కి మాత్రం నవ్వు రాలేదు. అప్పటికి పదకొండు క్లాసులయ్యాయి మరి.

ఆవిడ తనిఖీ బట్టలు మార్చుకునే గదిలో మొదలయ్యేది.

"తలుపుకి లోపల గడియ ఉందా అమ్మాయ్?"

"ఇక్కడ అందరూ ఆడవాళ్లేనండీ."

"నేను అడిగింది అది కాదు. గడియ ఉందా?"

ఉంటే రెండుసార్లు వేసి, తీసి, తలుపు గుంజి చూసేది. తరవాత అద్దాల వంతు. మెన్జా పేటలో ఒకచోట నాలుగు గోడలకీ అద్దాలే. మోంజియా చెప్పులైనా విప్పకుండా వెనక్కి తిరిగింది.

"పనికిరాదు."

"ఎవరికి పనికిరాదమ్మా?" అంది హాజర్.

"నాకే. ఇంకెవరికి?"

ఈ గడియలూ అద్దాలూ దాటినా క్లాసులో కుడిచెయ్యి లేచేది కాదు. ఇంట్లో అదే చేత్తో తివాచీ దులిపితే మూడిళ్ల అవతల తుమ్ములు వినిపిస్తాయి. క్లాసులో మాత్రం భుజం దాకా కూడా రాదు. లా మార్సాలో స్ప్రింగుల మంచం మీద పడుకోబెడితే అది సర్రున జారింది.

"ఇది ఇలా జారిపోతుంటే ఒంటిచేతి మనిషి దేన్ని పట్టుకోవాలి?"

"మీకు రెండు చేతులున్నాయి కదండీ!"

"ఉన్నంత మాత్రాన?"

ఇంకోచోట టీచరమ్మ చొరవగా ఆ చెయ్యి పట్టుకుని పైకి లాగింది. మోంజియా పెట్టిన కేకకి వీధిలో చేపలమ్మేవాడు మేడెక్కి వచ్చాడు. టీచరమ్మ ఏడుపు మొహంతో, తాగితే నెమ్మదిస్తుందని నారింజపూల నీళ్లు తెచ్చిచ్చింది. తిరిగొస్తూ దారిలో ఆ చేత్తోనే రెండు పుచ్చకాయలు ఎత్తి కారులో పడేసింది మోంజియా.

"నొప్పేమైంది?"

"తగ్గింది."

హాజర్ ఆ రోజు ఇక ఆగలేకపోయింది. "పైఅంతస్తులో పిన్ని అలా ఉంటే నీకు ఈ షికార్లేమిటమ్మా? సిగ్గనిపించదూ?"

మోంజియా వెనక్కి వంగి పుచ్చకాయలు దొర్లకుండా సర్దింది.

పిన్ని అంటే మోంజియా చెల్లెలు జకియా. ఆరు నెలల కిందట కుడివైపు రొమ్ము తీసేశారు. అంతకుముందు ప్రతి గురువారం అక్కచెల్లెళ్లిద్దరూ ఆవిరి స్నానానికి హమ్మాంకి వెళ్లేవారు. ఆవిరిలో మనిషి కనపడకపోయినా జకియా నవ్వు మాత్రం వినపడేది. ఇప్పుడు ఇంట్లోనే తలుపేసుకుని స్నానం చేస్తోంది. గదిలో అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. పుండు మానింది, చెయ్యి కదపాలి, లేకపోతే భుజం బిగుసుకుపోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ మాట మీద జకియా ఒక్కసారి ఇలాంటి క్లాసుకి వెళ్లింది కూడా. బట్టలు మార్చుకుంటుంటే వెనక ఎవరో "అయ్యో పాపం" అన్నారు. అంతే, మళ్లీ గడప దాటలేదు. తన తల తను దువ్వుకోలేకపోతోంది. రోజూ పొద్దున్నే మోంజియా పైకెళ్లి దువ్వి వస్తుంది. అంత గలగలలాడే మనిషి గోడకేసి చూస్తూ తల అప్పగించి కూర్చుంటే హాజర్‌కి గుండె తరుక్కుపోయేది.

పన్నెండో క్లాసు గోలెట్‌లో, రొట్టెల కొట్టు పైన. టీచరు పేరు ఒన్స్, నలభై ఏళ్ల మనిషి. క్లాసులో అయిదుగురే. గడియ ఉంది. ఉన్న ఒక్క అద్దానికీ పరదా వేసుంది. చాప మీద మోంజియా చెయ్యి మామూలుగానే సగంలో ఆగిపోయింది. ఒన్స్ పక్కన కూర్చుంది.

"నేను పట్టుకోవచ్చా అమ్మా? వద్దంటే వద్దు."

మోంజియా తనే చెయ్యి అందించింది.

"ఇక్కడిదాకా వచ్చి ఆగే చేతుల్ని ఇంతకుముందూ చూశాను. ఆపరేషన్ ఎప్పుడైంది?" అంది ఒన్స్ నెమ్మదిగా.

"నాక్కాదు తల్లీ, మా చెల్లికి. రోజూ దాని తల దువ్వుతాను, దాని చెయ్యి ఎంతవరకు లేస్తుందో నాకు తెలుసు. అంతవరకే ఎత్తి చూస్తున్నా. ఎక్కడ దాన్ని కసరరో, ఎక్కడ జాలిపడరో చూద్దామని."

గుమ్మంలో నిలబడ్డ హాజర్ అంతా వింది. సిగ్గనిపించదూ అని తను అడిగిన మాట తనకే తగిలింది. మెట్లమీద కూర్చుని ఏడ్చింది.

ఆ సాయంత్రం మోంజియా చెయ్యి పట్టుకుని మూలుగుతూ పైఅంతస్తుకి ఎక్కింది.

"నా చెయ్యి పడిపోతోందే జకియా! గోలెట్‌లో ఎవరో బాగుచేస్తారట. ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది."

"హాజర్ లేదూ?"

"అదా! అది నామీద అరుస్తుంది."

జకియా గోడవైపు నుంచి ఇటు తిరిగింది. చివరికి "సరే, తోడొస్తా. కూర్చుని చూస్తాను, అంతే," అంది.

మొదటి రోజు కూర్చునే చూసింది. రెండో రోజూ అంతే. మూడో రోజు, "అలా కాదక్కా, మోచెయ్యి వంచకు," అంటూ పక్కన ఇంకో చాప పరుచుకుంది.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు క్లాసయ్యాక మోంజియా కింద రొట్టెలు కొంటోంది. కారులో జకియా హాజర్ వైపు తిరిగింది.

"ఏమే, మీ అమ్మ చెయ్యి నిక్షేపంగా ఉందని నాకు తెలుసు. మొన్న గ్యాసు సిలిండరు ఒంటిచేత్తో మేడెక్కించడం కిటికీలోంచి చూశాను."

హాజర్ గతుక్కుమంది. "మరి ఏమీ అనలేదే పిన్నీ?"

"ఏమనను? నాకోసం వెళ్దాం రా అనుంటే వచ్చేదాన్ని కాదు. ఆ సంగతి మీ అమ్మకీ తెలుసు." అంది జకియా. "ఇంకొన్నాళ్లు మూలగనీ. నాకింకా జడ వెనక్కి అందడంలేదు. నువ్వు నోరు జారావో, చంపుతాను."

అంతలో మోంజియా రొట్టెలు ఎడంచేత పట్టుకుని, కుడిచెయ్యి వేలాడేసుకుని, "అమ్మా, చచ్చానే," అంటూ వచ్చింది. జకియా కారు అద్దం దించి కుడిచెయ్యి బయటికి చాపింది.

"ఇలా ఇయ్యక్కా. అసలే చెయ్యి బాగాలేని మనిషివి."