పట్టుగూడు తెరుచుకున్న గురువారం

పుంగనూరులో సిస్టర్లు నడిపే బడిలో ఏడో తరగతికి సైన్సు చెప్పే టీచరు కాన్పుకు సెలవు పెట్టింది. జులై చివర వెళ్ళి నవంబరుకు గాని రానని చెప్పింది. నేను ఆ బడిలో లెక్కలు మాత్రమే చెప్పేదాన్ని. ప్రభుత్వ బడిలో ముప్పై నాలుగేళ్ళు అదే పని చేసి రిటైరయ్యాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక, మదనపల్లె నుంచి రోజూ గంట బస్సు ప్రయాణం చేసి వచ్చేదాన్ని. హెడ్మిస్ట్రెస్ సిస్టర్ పిలిచి, ఈ మూడు నెలలు సైన్సు కూడా మీరే చూసుకోవాలి అన్నారు. సైన్సు నాకు రాదన్నాను. పిల్లలకూ రాదు కదమ్మా, కలిసి నేర్చుకోండి అన్నారామె. ఆమెది కుప్పం వైపు. మాటలో కొంచెం తమిళం కలుస్తుంది. హాస్యమాడుతున్నారో, ఆజ్ఞ ఇస్తున్నారో చెప్పడం కష్టం.

ఆగస్టు పదిహేనున ఆ బడిలో రెండు పండుగలు. పొద్దున జెండా, ఆ తర్వాత మరియమాత మోక్షారోపణ పూజ. ఆ సందడి అయిపోయిన వారం పట్టుపురుగుల పాఠం వచ్చింది. పుస్తకంలో గుండ్రంగా నాలుగు బొమ్మలు ఉన్నాయి. గుడ్డు, పురుగు, గూడు, రెక్కల పురుగు, మళ్ళీ గుడ్డు. నేను బోర్డు మీద అవే గీసి వెనక్కి తిరిగేసరికి మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడి ఉంది. ఏదైనా అడిగే ముందు పెన్సిలు చెక్కుకోవడం ఆ పిల్లకు అలవాటు. పొట్టు బెంచీ మీద రాలుతుండగా అంది.

“మేడం, పుస్తకంలో తప్పు అచ్చేసినారు.”

ఏది తప్పు అని అడిగాను.

“ఈ రెక్కలది. మా ఇంట్లో పురుగులు ఉండాయి. గూడు కట్టినాక అంతే. దాని తర్వాత ఏమీ లేదు.”

“దాని తర్వాత మార్కెట్టు, మేడం,” అన్నాడు వెనక నుంచి ఒకడు. తరగతి నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు.

ముప్పై ఎనిమిది మందిలో పదకొండు మంది ఇళ్ళలో పట్టుపురుగులు పెంచుతారు. ఒక్కొక్కరినీ అడిగాను. రెక్కల పురుగును చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, గుడ్డును చూసినవాళ్ళూ లేరు. చీమంత పురుగులు, గుడ్లు పొదిగించి అమ్మే చాకీ కేంద్రం నుంచి ఇంటికి వస్తాయి. ఆకు తింటాయి, కదలకుండా పడుకుని నాలుగుసార్లు చర్మం విడుస్తాయి. దాన్ని వాళ్ళు జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటాక ఇంటిల్లిపాదీ ఆకు మోయడమే పని. ఆ రోజుల్లో ఈ పిల్లలు బడికి రారు. తర్వాత పురుగులు చంద్రికలనే వెదురు తట్టల మీదికెక్కి గూళ్ళు కడతాయి. అయిదారు రోజులకు గూళ్ళు విడిపించి మార్కెట్టుకు తీసుకుపోతారు. రెక్కలు రాకముందే తీసుకుపోవాలి. పురుగు బయటికి వస్తే గూటికి బొక్క పడి దారం తెగిపోతుంది. కాబట్టి ఆ పిల్ల తన కళ్ళతో చూసినంతవరకు సరిగ్గానే చెప్పింది.

కోప్పడదామని నోరు తెరిచి ఆగిపోయాను. నేను పుట్టింది మదనపల్లెను ఆనుకున్న నీరుగట్టువారిపల్లెలో, మగ్గం ఉన్న ఇంట్లో. ఎనిమిదేళ్ళకే కండెలు చుట్టాను. పడుగులో ఎన్ని పోగులో లెక్కపెట్టడంతోనే నాకు లెక్కలు మొదలయ్యాయి. పెళ్ళికి పట్టుచీర, కొడుకు పెళ్ళికి పట్టుచీర. అయినా డెబ్బై ఏళ్ళు దాటే వరకు నేను కూడా ఆ నాలుగో బొమ్మలోని ప్రాణిని చూడలేదు. ఆ మాటే పిల్లలతో చెప్పాను. అయితే సూద్దాం మేడం అన్నారు.

శనివారం ఆ పిల్ల వాళ్ళ నాయన దగ్గర అడిగి, స్టీలు టిఫిన్ క్యారియరు నిండా గూళ్ళు తెచ్చింది. చేత్తో తీస్తే బరువు తెలియదు. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల ఏదో మెల్లగా తగులుతుంది. ఒక చాటలో పరిచి కిటికీ పక్కన బల్ల మీద పెట్టాము. పురుగులు చంద్రికెక్కింది ఏ రోజో ఆ పిల్ల ఖచ్చితంగా చెప్పింది, ఆదివారం. లైబ్రరీ పుస్తకంలో చూసిన రోజులు దానికి కలిపి బోర్డు మూలన రాశాను. గురువారం పొద్దున. చీకట్లో ఉంచి ఒక్కసారిగా వెలుతురు చూపిస్తే ఎక్కువ పురుగులు కలిసి బయటికి వస్తాయని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. కప్పడానికి మందపు గుడ్డ కావాలని సిస్టర్‌ను అడిగితే, ఈస్టరుకు ముందు తపస్సుకాలంలో గుడిలోని స్వరూపాలకు కప్పే ఊదారంగు గుడ్డను మడతపెట్టి తెచ్చి ఇచ్చారు. ఉతికి ఇవ్వండి అని మాత్రం అన్నారు.

సోమవారం అసెంబ్లీలో, ఎవరి కోసమైనా ప్రార్థించాలా అని సిస్టర్ అడిగితే, మార్కెట్టు మాట అన్నవాడే చెయ్యెత్తి మా పట్టుపురుగుల కోసం అన్నాడు. సిస్టర్ కళ్ళు మూసుకుని, సరే, వాటి కోసం అన్నారు. బడి మొత్తం చేతులు జోడించింది.

మంగళవారం మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి వచ్చింది. చేతిలో బ్లీచింగ్ పౌడరు మూట ఉంది, షెడ్డు కడగడానికి. తరగతి గుమ్మం దగ్గరే నిలబడి, మా పిల్ల తెచ్చిన గూళ్ళు ఈడ ఉండాయంట, తీసకపోదామని వచ్చినా అంది. డబ్బు కోసమా అని అడిగాను. కాదు, పిడికెడు గూళ్ళతో ఏమొస్తాది అంది. ఆ తర్వాత చెప్పింది. కరోనా లాక్‌డౌన్ అప్పుడు మార్కెట్టు మూసేశారు, బండ్లు తిరగలేదు. షెడ్డులో ఉన్న పంటంతా ఒక్క వారంలో రెక్కలు వచ్చి బయటపడింది. ఊడ్చి దిబ్బలో వేశారు. సగం మల్బరీ పీకి టమోటా పెట్టారు. మళ్ళీ పురుగులు తెచ్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

“మా గూట్లో నుంచి అది బయటికొస్తే ఆ ఇల్లు నిలబడదు టీచరమ్మా. నేను పడినా కాబట్టి చెప్తాండా. ఆయప్పకు తెలీక ఇచ్చేసినాడు.”

ఆ పిల్ల చాటకు అడ్డంగా నిలబడింది. “ఒక్క తూరి సూస్తా మా.”

“ఏం సూస్తావు మే. నేను సూసింది సాలదా.”

పౌడరు తగిలితే గూళ్ళు పాడవుతాయని ఆ పూట తీసుకుపోలేదు. రేపు సాయంత్రం వస్తానంది. అంతలోపల బొక్క పడదు కదా అని నన్ను అడిగింది. ఆ పిల్ల నా ముఖం వైపు చూసింది. శుక్రవారమని నేను చెబితే ఆ తల్లి నింపాదిగా గురువారం సాయంత్రం వచ్చేది, అప్పటికి అంతా అయిపోయేది. ఆ పిల్ల కోరింది అదేనని నాకు తెలుసు. కానీ వచ్చిన జవాబు ఒకటి, చెప్పే జవాబు ఒకటి కావడం నా చేత కాదు. రేపు పడదు, ఎల్లుండి పొద్దున పడుతుంది అన్నాను. తల్లి తల ఊపి వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. లెక్కల పీరియడ్‌లో పిలిస్తే లేచి సరైన జవాబు చెప్పి, నా వైపు చూడకుండా కూర్చుంది.

బుధవారం మధ్యాహ్నం నుంచి వాన. సాయంత్రం గంట కొట్టినా తల్లి రాలేదు. ఆ పిల్ల తన బస్సు వచ్చేదాకా గేటు దగ్గర గొడుగు లేకుండా నిలబడి ఉంది. తల్లి రావాలని చూస్తోందో రాకూడదని చూస్తోందో నాకు తెలియలేదు.

గురువారం ఆకాశం కడిగినట్టు ఉంది. అసెంబ్లీలో పరలోక ప్రార్థన సగంలో ఉండగా తల్లి గేటు తెరుచుకుని లోపలికి వచ్చింది. భుజాన గుడ్డసంచీ ఉంది. ప్రార్థన అయ్యేదాకా వరండా స్తంభం పక్కన నిలబడింది. ఆ పిల్ల వరుసలో ముందుకే చూస్తోంది గాని చెవులు ఎర్రబడ్డాయి.

తరగతిలోకి వెళ్ళాక, ఇంగా పడలేదు కదా అని అడిగింది తల్లి. మేమింకా గుడ్డ తీయలేదు, గూళ్ళు మీవి, మీరే తీయండి అన్నాను. ఆమె ఊదా గుడ్డ తీసి మడతపెట్టి పక్కన పెట్టింది. కిటికీలోంచి ఎండ చాట నిండా పడింది. తెల్లటి గూళ్ళు, ఏ కదలికా లేదు. ఆమె పిడికిలితో తీసి సంచీలో వేయడం మొదలుపెట్టింది. ఒక పిడికెడు, రెండు. ముప్పై ఎనిమిది మంది పిల్లలూ బల్ల చుట్టూ మూగారు. ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుని ఉంది.

మూడో పిడికెడు ఎత్తి ఆమె ఆగిపోయింది. వేళ్ళు విప్పింది. అరచేతిలో ఉన్న గూళ్ళలో ఒకదాని కొస తడిసి ఉంది.

కింద పెట్టేస్తుందనుకున్నాను, పెట్టలేదు. తడి మచ్చ పెద్దదయింది. పోగులు ఒకటొకటిగా పక్కకు జరగసాగాయి. ఎవరూ కోయలేదు, చింపలేదు. నేను చిన్నప్పుడు తెగకుండా చుట్టడానికి ఊపిరి బిగబట్టిన పోగులవి. వాటి మధ్య నుంచి ఒక తెల్లటి తల వచ్చింది. రెండు నల్లటి కళ్ళు, దువ్వెన పళ్ళలాంటి మీసాలు. కాసేపు ఆగింది. మళ్ళీ తోసింది. ముందరి కాళ్ళు ఆమె చర్మానికి ఆనించి ఒళ్ళంతా బయటికి లాక్కుంది. రెక్కలు నీళ్ళలో నానిన కాగితంలా ముడుచుకుని ఉన్నాయి. అవి ఆ అరచేతిలోనే మెల్లమెల్లగా విచ్చుకున్నాయి. మగ్గం మీద వేల పోగులు చూసిన కళ్ళు నావి. అంత సన్నని పని నేనెప్పుడూ చూడలేదు.

రెండో పీరియడ్ గంట కొట్టారు. ఎవరూ కదలలేదు. తెలుగు టీచరు గుమ్మం దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఆమె వెనక సిస్టర్ ఉన్నారు. చాటలో ఇంకో గూడు తడిసింది, ఆ తర్వాత సంచీలో నుంచి కూడా చిన్న చప్పుడు వచ్చింది.

“ఇది ఏం తింటాది?” అని అడిగింది తల్లి. పురుగులను పెంచే మనిషికి మొదట వచ్చే ప్రశ్న అదే కదా.

“ఏమీ తినదు మా,” అంది కూతురు. “దానికి నోరు లేదు.”

తల్లి నా వైపు చూసింది. పుస్తకంలో ఆ మాట ఉంది, కానీ నేను నా కళ్ళతో చూడలేదు. ల్యాబులో నుంచి భూతద్దం తెప్పించాను. నేను చూశాను. నోరు అనదగినది ఏదీ కనిపించలేదు. ఆమెకు ఇచ్చాను. ఆమె అద్దం ఒక చేత్తో పట్టుకుని, పురుగు ఉన్న చేతిని దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

“పదహైదేండ్లు ఆకు కోస్తాండా,” అంది. గొంతు బాగా తగ్గిపోయింది. “నిద్ర మానుకోని ఏసినాం. ఆ తిన్నదంతా దీనికేనా. నోరు లేని దానికా.”

నేను మనసులో కూడిక వేయబోయి మానేశాను. ఒక పంటకు ఎన్ని మోపులు, ఏడాదికి ఎన్ని పంటలు, అన్నీ కలిపినా ఆ అరచేతిలో ఉన్నది జవాబుగా రాదు.

“మీరు ముందే చూశారు కదా, ఆ ఏడు,” అన్నాను.

“సూళ్ళేదు,” అంది. “కండ్లు మూసుకోని ఊడ్సినా. ఒగదాన్నీ సూళ్ళేదు.”

కూతురు తల్లి మోచేతికి ఆనుకుని నిలబడింది. తల్లి ఆ పిల్లను చూడలేదు. పురుగును చాటలోకి మెల్లగా దించింది. సంచీ తీసి, లోపలి గూళ్ళన్నీ రెండు చేతులతో ఎత్తి, ఒకదానికొకటి తగలకుండా మళ్ళీ చాటలో పరిచింది. ఆ పని చేయడంలో ఆమెకు ఎంత అనుభవమో చేతులు చూస్తే తెలిసింది.

“ఉండనీ మే,” అంది. “అన్నీ రానీ.”

ఆ రోజు ఏడో తరగతికి సైన్సు తప్ప మరో పాఠం జరగలేదు. మధ్యాహ్నానికి పదిహేడు బయటికి వచ్చాయి. మగవి రెక్కలు టపటపలాడిస్తూ ఆడవాటి చుట్టూ తిరుగుతుంటే పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. సిస్టర్, గట్టిగా నవ్వకండి, భయపడతాయి అన్నారు. తల్లి చివరి బెంచీలో కూర్చుని కూతురి అన్నంలో సగం తిని, సాయంత్రం దాకా ఉంది. బస్సు ఎక్కేముందు, మిగిలినవి ఎప్పుడు వస్తాయని అడిగింది. రేపు పొద్దున అన్నాను.

శుక్రవారం ఆమె మళ్ళీ వచ్చింది, భర్తను వెంటబెట్టుకుని. చాటలో పరిచిన కాగితం మీద అప్పటికే పచ్చటి గుడ్లు వరసలుగా పెట్టి ఉన్నాయి, ఆవగింజల కంటే చిన్నవి. ఆయన నేరుగా లోపలికి రాబోతే ఆమె గుమ్మం దగ్గరే ఆపింది.

“చెప్పులు ఆడ ఇడ్సు. పురుగులున్న సోటికి చెప్పులతో వస్తారా ఎవరన్నా.”

ఆయన విడిచి, వరండాలో కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చాడు. ముందు రోజంతా మేము బూట్లతోనే తిరిగాము. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు బయటికి వెళ్ళి లేసులు విప్పుకున్నారు. నేనూ వెళ్ళి చెప్పులు విడిచాను. తర్వాత సిస్టర్ కూడా వచ్చి, తన నల్లటి చెప్పులు ఆ వరస చివర పెట్టి లోపలికి నడిచారు.