మగ్గం ముందు తుమ్ముల లెక్క

శుభ్రత పేరుతో ఒక శుభకార్యాన్ని తుమ్ములపాలు చేసిన ఘనురాలిని నేను. ఆ రోజు నవ్వే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఆ పని మీరు చేయండి.

అది 1989 శ్రావణం. మా ఆడబిడ్డ 1990 అంటుంది. పట్టించుకోకండి, ఆమె తాను పుట్టిన సంవత్సరమే రెండు రకాలుగా చెబుతుంది.

మా మామగారు ముప్పై ఏళ్లు ఇతరుల షెడ్లలో మగ్గాలు నడిపారు. దూది నుసి పీల్చి పీల్చి ఆయన ఊపిరి పాత తలుపులా కిర్రుమనేది. సెలవు మర్నాడు పనిలోకి వెళితే ఛాతీ మరీ పట్టేసేది. ముక్కుకు గుడ్డ కట్టుకోమని కొంతం చౌక్‌లో ఉండే డాక్టరు చెబితే, "గుడ్డ నేసేటోనికి గుడ్డ కట్టుడు నేర్పుతడా?" అని లేచి వచ్చేశారు.

చివరికి నీలం నగర్‌లో ఒక పాత షెడ్డు అద్దెకు తీసుకుని, సొంతంగా ఒక కరెంటు మగ్గం బిగించారు. పాత యజమాని దగ్గర పని మానేశారు. శుక్రవారం పొద్దున తొమ్మిదింబావు నుంచి పది దాకా ముహూర్తం. అది తప్పితే మళ్లీ దసరాకేనని అయ్యగారు చెప్పారు. అప్పటిదాకా ఇంటిల్లిపాదీ ఏం తినాలో మాత్రం చెప్పలేదు.

ఇక నా ఘనకార్యం. అందరూ రాకముందే షెడ్డుకు వెళ్లి పైకి చూశాను. రేకుల కింద కడ్డీలకు ఏళ్లనాటి దూది నూగు గొర్రె ఉన్నిలా వేలాడుతోంది. పూజ జరిగే చోట ఇంత బూజా! బూజుకర్ర తీసుకుని ఒక్క కడ్డీ వదలకుండా దులిపాను. కింద పడిందంతా ఊడ్చాను. పడనిదంతా గాలిలోనే ఉందని నాకు తోచలేదు. పైగా దీపం ఆరిపోకుండా కిటికీలన్నీ మూసేశాను!

కొబ్బరికాయ కొట్టారు. మామగారు స్విచ్ మీద చెయ్యి పెట్టారు.

"హాఛ్!" మగ్గం బిగించిన మిస్త్రీ, మా భాషలో జాబర్, తుమ్మాడు.

"అరే దేవా, ఒంటి తుమ్ము!" మామగారు చెయ్యి తీసేశారు. "కూసోండ్రి అందరు. నీళ్లు తాగుండ్రి."

"ఇంకోటి వస్తె జంటయితది కాకా, జంట తుమ్ము మంచిదే," అన్నాడు జాబర్. అన్నాడో లేదో మా ఆయన తుమ్మారు.

"బస్, జంటయింది!" మామగారు లేచారు. ఈసారి అయ్యగారు తుమ్మారు, అదీ మంత్రం మధ్యలో.

"ఎన్నయినయి బిడ్డా?" గడప దగ్గర నిలబడ్డ నన్ను అడిగారు మామగారు. ఇంట్లో ఏ లెక్కయినా నాదే.

"మూడు మామా."

"ఇంకోటి కావాలె. ఎవరన్న తుమ్ముండ్రి!"

జాబర్ నూలుపోగు పేని ముక్కులో పెట్టుకుని ఒకటి రప్పించాడు. సరి అయింది అనుకునేలోగా ఆడబిడ్డ దాన్ని బేసి చేసింది. ఆపైన వడగళ్లలా కురిశాయి.

పదికి పది నిమిషాలుంది. "ఇప్పుడెన్ని?"

"పదిహేడు."

"సరిగ్గ లెక్కవెట్టినవా? పద్దెనిమిది గాదా?"

వెనక నుంచి అత్తమ్మ నా నడుం గిల్లింది. ఆ గిల్లుడుకు అర్థం ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, "లేదు మామా, పదిహేడే. జాబర్‌వి ఆరు, అయ్యగారివి అయిదు, వదినవి నాలుగు, మీ కొడుకువి రెండు," అని విడివిడిగా అప్పజెప్పాను.

ఇంతలో మామగారికి దగ్గు తెర ముంచుకొచ్చింది. ఊపిరి అందక కూలబడ్డారు. అత్తమ్మ పరుగున పోయి కిటికీలు తెరిచింది. ఎండలో చూస్తే గాలి నిండా నూగే.

"ఇది గాలా, ఏకిన పరుపా? ఎవరు దులిపిండ్రే?" అంది అత్తమ్మ.

గడప పక్కన ఆనించిన బూజుకర్రను వెనక్కి దాచుకున్నాను.

అత్తమ్మ తువ్వాలుతో మామగారి ముక్కూ నోరూ చుట్టేసింది. "డాక్టర్ మాట ఇనకపోతివి. ఈ తుమ్ముల మాటన్న ఇను!"

"నలుగురు నవ్వుతరే..."

"నవ్వనియ్యి. తుమ్మరు గద!"

లోపలున్నవాళ్లందరూ దొరికిన తువ్వాలు ముక్కుకు చుట్టుకున్నారు. షెడ్డు దోపిడీ దొంగల సభలా ఉంది. కాసేపటికి ఆయన దమ్ము తేరుకుంది. తుమ్ములు ఆగిపోయాయి, పదిహేడు దగ్గరే! పదికి మూడు నిమిషాలు. ఇప్పుడు తుమ్మేవాడే లేడు.

తెరిచిన కిటికీల గాలికి నూగంతా గడప వైపు కదిలింది. అక్కడ ముక్కుకు గుడ్డ లేనిది నేనొక్కదాన్నే.

"హాఛ్!" ముక్కు తుడుచుకోకుండానే అరిచాను: "పద్దెనిమిది!"

మామగారు స్విచ్ వేశారు. ఖటఖటమని మగ్గం కదిలింది.

ఆ రోజు నుంచి ఆయన ముక్కుకు గుడ్డ లేకుండా షెడ్డులో అడుగు పెట్టలేదు. ఎవరైనా అడిగితే, "దుమ్ముకు గాదు, తుమ్ముకు," అనేవారు. దగ్గు పూర్తిగా పోలేదు గానీ, సగానికి సగం తగ్గింది.

కనుక పదిమంది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: శుభకార్యం పూట బూజుకర్ర ముట్టను. తుమ్ములెన్నని ఎవరైనా అడిగితే, ఎన్ని వచ్చినా సరే, సరిసంఖ్యే చెబుతాను.